పదకొండో టిక్కు

మా అమ్మమ్మ ముప్పై ఏళ్లు టీవీలు, రేడియోలు బాగుచేసే షాపులో పనిచేసింది. పని మానేశాక దూరవిద్యలో డిగ్రీ లాగించి, అరవై రెండో ఏట కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేస్తానని యూనివర్సిటీలో చేరింది. "ఇన్నేళ్లూ చిప్పులు పీకాను, అతికించాను. లోపల ఏం జరుగుతుందో తెలియకుండానే పోతానా?" అంది. పదో తరగతి గట్టెక్కని నేను ఆవిడ సంచి మోసేదాన్ని. అందులో పుస్తకాలకన్నా కళ్లజోళ్లే ఎక్కువ.

క్లాసులో ఎవరికీ ఆవిడ గిట్టలేదు. వెనక బెంచీవాళ్లు "పాత మెమరీ" అని పేరు పెట్టారు. అమ్మమ్మ ఊరుకునే రకమా?

"పాతదైనా చెరిగిపోలేదురా. నువ్వు పొద్దున చదివింది సాయంత్రానికి ఉండదు" అని అంటించేది.

ప్రొఫెసరుకైతే ఆవిడ కంట్లో నలుసు.

అసలు గొడవ పరీక్షలో వచ్చింది. ప్రాసెసర్‌లో ఒక్కో ఆదేశం గడియారం టిక్కుకో మెట్టు చొప్పున ఐదు మెట్లు ఎక్కుతుందట, ముందుది ఒక మెట్టు ఎక్కగానే వెనకది కింద మెట్టు మీదికి వస్తుందట. ఆరు ఆదేశాలిచ్చి, ఎన్ని టిక్కుల్లో పూర్తవుతాయని అడిగారు. ఎనిమిదేళ్లుగా అదే ప్రశ్న. ప్రొఫెసరు దగ్గరున్న జవాబు పది. పిల్లలంతా పాత పేపర్లు చూసి పదే రాశారు. అమ్మమ్మ ఒక్కతే గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి పదకొండు తేల్చింది. సున్నా పడింది. దాంతో పాసుకి రెండు మార్కులు తగ్గాయి. తప్పితే ఏడాదంతా మళ్లీ చదవాలి.

కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్లాం.

"చూడండి సార్. రెండో ఆదేశం మెమరీ నుంచి అంకె తెస్తుంది. మూడోదానికి ఆ అంకే కావాలి. రాకముందే ఎలా కూడుతుంది? ఒక టిక్కు ఆగాల్సిందే."

"ఎనిమిదేళ్లుగా పదేనమ్మా."

"అయితే ఎనిమిదేళ్లుగా తప్పే."

ఆయన ముఖం మాడిపోయింది. "ఈ వయసులో ఈ మొండితనం ఏమిటండీ? ఇంట్లో మనవలతో ఆడుకోక!"

"ఆడుకుంటూనే ఉన్నా. ఇదిగో, పక్కనే ఉంది."

ఆయన నవ్వలేదు. కాగితం వెనక్కి తోశాడు. "పొరబాటు పడ్డాను, జవాబు పది అని రాసివ్వండి. రెండు మార్కులు కలుపుతాను."

"రాసెయ్యవే అమ్మమ్మా" అని చెయ్యి గోకాను.

ఆవిడ పెన్ను తీసింది. 'పదకొండు' అని పెద్దక్షరాలతో రాసి, సంతకం పెట్టి, ఆయన చేతిలో పెట్టింది.

తప్పింది. ఇంటి గుమ్మంలోకి రాగానే "రాసెయ్యమంటావుటే, దొంగమొహమా!" అని నా నెత్తిన మొట్టికాయ వేసింది.

ఆ ఏడాదంతా ఆయన ముక్కు కిందే, మొదటి బెంచీలో కూర్చుంది. ఆయన ఆవిడ వైపు చూసి పాఠం చెప్పలేదు. ఆవిడ ఆయనకి నమస్కారం పెట్టలేదు.

ఈసారి పరీక్షలోనూ అదే ప్రశ్న. కాకపోతే మూడో ఆదేశం, నాలుగో ఆదేశం తారుమారయ్యాయి. అంకె తెచ్చేదానికీ వాడుకునేదానికీ మధ్య సంబంధం లేని ఆదేశం వచ్చి కూర్చుంది. ఇక ఎవరూ ఆగక్కర్లేదు, జవాబు నిజంగానే పది. ప్రశ్న సర్దుకున్నాడు గానీ, తప్పని మాత్రం ఎవరితోనూ అనలేదు మహానుభావుడు.

అమ్మమ్మ పది రాసింది. కింద 'పోయినేడాది పేపరుకి పదకొండే' అని రాసి రెండు గీతలు గీసింది.

డెబ్భై ఒకటిన్నరతో పాసైంది. అనవసరపు రాతకని అర మార్కు కోశాడట. ఆవిడ చెప్పులేసుకుంటోంది.

"పాసయ్యావుగా, ఆ అర మార్కు ఇంకెందుకే?" అన్నాను.

"వాగకుండా సంచి పట్టు" అంది.