వేడి ఇసుక మూట

మొన్న ఆదివారం పొద్దున మా తోటికోడలు పోయింది. నరసాపురం రేవులో పడవలవాళ్లు కూడా నన్ను ఆపి, "అంత మంచి మనిషి పోయిందటగా అమ్మా" అన్నారు. మంచి మనిషే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది, ఆదివారం కూడా మండింది.

ఆవిడ తెల్ల దొరసాని డాక్టరమ్మ ఆసుపత్రిలో పనిచేసేది. పిల్లలకు క్లోరోఫారం ఇచ్చి కోత కోసేటప్పుడు వాళ్ల ఒళ్లు చల్లబడకుండా చూడడం ఆవిడ పని. చల్లబడితే నాడి కుంగిపోతుందని దొరసాని నేర్పింది. మందు వాసన పోవాలని కిటికీలు తెరిచేవారు, ఏటి గాలి లోపలికి కొట్టేది. నిప్పు దగ్గరుంటే ఆ మందు ఆవిరి ఊపిరాడనివ్వదట, కుంపటి లోపల పెట్టకూడదు. అందుకని మా ఇళ్లల్లో నొప్పులకు పెట్టే ఇసుక కాపడమే ఆవిడ పెట్టేది. వరండాలో మంగలంలో ఇసుక వేయించి మూటకట్టి, ముందు తన చెంపకు ఆనించుకుని చూసి, తరువాత దుప్పటి మీదుగా పిల్లల పాదాల దగ్గర సర్దేది.

"మత్తులో ఉన్న పిల్ల కాలుతోందనీ చెప్పదు, చలేస్తోందనీ చెప్పదు. మనమే చూసుకోవాలే చెల్లీ" అనేది.

ఇంట్లోనూ అంతే. తడితలతో ఏ పిల్ల కనబడినా పట్టుకుని తుడిచేది. నా పిల్ల తల నేను తుడవలేనా అని గొణుక్కునేదాన్ని.

నా కూతురికి ఐదో ఏట తొడమీద గడ్డ లేచి ఎముకదాకా చెడింది. కోయకపోతే పిల్ల దక్కదన్నారు. తల్లులను లోపలికి రానిచ్చేవారు కాదు.

"నేనూ వస్తానక్కా" అని కొంగు పట్టుకున్నాను.

"నువ్వొస్తే ఏడుస్తావే. ఇక్కడ ఇసుక వేయించు, చల్లారనివ్వకు" అని మంగలం నా ముందు పెట్టింది.

వేయిస్తూ కూర్చున్నాను. ఆవిడ చల్లారిన మూట ఇచ్చి వేడిది పట్టుకెళ్లేది. "వెచ్చగానే ఉందే" అని ఒక్క మాట చెప్పేది. నా బిడ్డ ఎలా ఉందో ఆవిడ చేతులకు తెలుసు, నాకు తెలియదు. ఏడుపుకన్నా ముందు అసూయ వచ్చింది.

పిల్ల దక్కింది. కళ్లు తెరిచి "పెద్దమ్మా" అంది.

"ఇసుక వేయించింది మీ అమ్మేనే" అని ఆవిడ చెప్పనే చెప్పింది. పిల్ల వినిపించుకోలేదు. ఆవిడ రుణం ఈ జన్మలో తీరదు. అయినా ఆ మొదటి పిలుపు నాకు రావలసింది.

ఆదివారం నా కూతురు పెద్దమ్మ పాదాల దగ్గర కూర్చుంది. ఇప్పుడు తనూ పిల్లల తల్లే. పాడె ఎత్తేవాళ్లు వచ్చినా లేవలేదు. అరచేతులు రుద్దుకుని ఆ పాదాలకు అద్దుతూనే ఉంది. నా పాదాలు ఎప్పుడైనా ఇలా పట్టుకుందా అనుకున్నాను. అప్పుడు కూడా అదే బుద్ధి.

"చల్లబడిపోయాయమ్మా" అంది నాకేసి చూసి.

లేచి పెరట్లోకి వెళ్లాను. శవం లేవకుండా పొయ్యి వెలిగించకూడదని ఎవరో అరిచారు. నేను వినిపించుకోలేదు. మంగలం పొయ్యి మీద పెట్టి ఇసుక పోశాను.