ఆంప్లిఫయర్ మీద కప్పిన గుడ్డ

ఈ సాయంత్రం బళ్ళారిలో మా ఇల్లంతా ఆ వాసనే. వేడెక్కిన దుమ్ము, కాలీకాలని వార్నిష్. మా అమ్మాయి గిటారు ఆంప్లిఫయర్‌లో బల్బుల్లాంటి గాజు వాల్వులు ఎర్రగా కాలుతున్నాయి. చూస్తే దాని మీద మందపాటి దుప్పటి, కిటికీలన్నీ మూత. సద్దు ఎక్కువైందని కిందింటాయన అన్నాడట.

ఆ వాసన పీల్చగానే చిన్నప్పటి దోణిమలై గని క్వార్టర్స్‌లో పడ్డాను. గనుల ఎర్రదుమ్ముకి భయపడి రేడియోకి కూడా పూలు కుట్టిన గుడ్డ కప్పేవాళ్ళం, మీకూ గుర్తుందా? మా అక్క గిటారు వాయించే వాల్వు ఆంప్లిఫయర్‌కి మాత్రం అమ్మ రెండు గుడ్డలు కప్పేది. ఒకటి దుమ్ముకి, ఇంకొకటి ఊరికి.

"కిటికీ మూయ్ మే! ఆడపిల్ల వాయించేది వీధంతా వినాల్నా?"

వాల్వులు మాడిపోయేవి. నాన్న కొత్తవి వేయించాడు, కరెంటు కూడా చూపించి సరిచేయించాడు. మళ్ళీ అదే వాసన. ఒకరోజు అక్క గుడ్డలు రెండూ లాగి పారేసి, కిటికీ బార్లా తెరిచింది.

"సెట్టు బాగనే ఉండాదమ్మా. గాలాడక మాడిపోతాండాది. మనమే కప్పిపెట్టి, తప్పు దానిదంటే ఎట్లా? వినపడితే వినపడనీ!"

ఆ తర్వాత ఆ ఇంట్లో వాల్వు మాడలేదు, కిటికీ మూతపడలేదు.

ఇవాళ నేను స్విచ్ ఆపి, దుప్పటి లాగేశాను. అది చల్లారేలోపు కిటికీలన్నీ తెరిచాను.

"కిందింటి అంకుల్ మళ్ళీ వస్తాడేమోమ్మా?" అంది పిల్ల.

"రానీ. కుర్చీ వేస్తా, కూచొని వింటాడు. నువ్వు వాయించు."