వేలు గిల్లి చూసే పొద్దు

నా చిన్నప్పుడు సూరత్‌లో మా ఇంట్లోకి ఐసుగడ్డ వచ్చింది ఒక్కసారే. కరిగిపోయేదానికి పైసలు పెట్టడం మా నాయనమ్మకు గిట్టదు. నాకూ గిట్టదు. ఆ గడ్డ తెచ్చింది మా నాన్న తమ్ముడు, మేం చిన్నబాపు అని పిలిచే మనిషి.

మా వాళ్లంతా కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడి మగ్గాల కార్ఖానాల్లో బతికినవాళ్లు. చిన్నబాపు కూడా మగ్గం దగ్గర పెరిగినవాడే. పటాలంలో చేరాడు. మంచు కొండల మీద యుద్ధం సాగుతుండగానే సెలవు మీద వచ్చాడు. ఆయన్ని మళ్లీ పంపకూడదని నాయనమ్మ పట్టు. కార్ఖానా సేఠ్‌ను బతిమాలి ఒక మగ్గం ఖాళీగా ఉంచేలా ఒప్పించింది. "పేరు కొట్టేయించుకొని రా బిడ్డా. గంజి తాగైనా కండ్ల ముందట ఉండు" అని పొద్దస్తమానం ఏడ్చేది.

ఆమె బాధ చూడలేక ఆయన ఒకరోజు మగ్గం దగ్గర నిలబడ్డాడు. సద్ది తీసుకుని నేనూ వెళ్లాను. పడుగులో పోగు తెగింది. తెగిన పోగు అతకడం నేతగాడికి రెప్ప వేసినంత పని. కళ్లక్కర్లేదు, వేలికొసలకే తెలుస్తుంది. చిన్నబాపు వేళ్లకు ఆ పోగు దొరకలేదు. పట్టుకున్నాననుకుంటాడు, జారిపోతుంది. పక్క మగ్గం మామ నవ్వాడు.

"ఏంది అల్లుడా, తుపాకి పట్టంగనే పోగు చేదైందా? ఎంతమందిని లేపినవో అదన్న చెప్పు జర."

చిన్నబాపు కూడా నవ్వి బయటికి నడిచాడు. రంపపు పొట్టులో, గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డతో ఇంటికి వచ్చాడు. మామనూ పిలిచాడు. మా ఇద్దరినీ కూర్చోబెట్టి, చాయ్ నీళ్లు మరిగేదాకా వేళ్లు దాని మీద ఆనించి ఉంచమన్నాడు. ఎండాకాలం కదా, మొదట హాయిగానే ఉంది. తర్వాత మంట. ఆ తర్వాత ఎముకలో పోటు. మామ చేయి తీసేశాడు. నేను మొండిదాన్ని, తీయలేదు.

అప్పుడు చెప్పాడు చిన్నబాపు. అక్కడ కొండల మీద చాయ్ కావాలంటే ముందు మంచు కరగబెట్టాలట. కిరసనాయిలు వాసన కొట్టే ఆ నీళ్లే అన్నానికీ. తడిసిన మేజోళ్లను పొట్టకు ఆనించుకుని పడుకుంటే తెల్లారేసరికి ఆరుతాయట. తుపాకి ఎప్పుడో గానీ పేలదు, ఇవి మాత్రం రోజూ ఉండేవే. ఇద్దరిద్దరిని జోడీ కడతారట. పొద్దున లేవగానే జోడీగాడి వేళ్లు గిల్లి "నొస్తుందా" అని అడగాలి. నొస్తుందంటే సంబరం.

"నొప్పి ఉన్నంతసేపు వేలు మనదే. నొప్పి పోయిందంటేనే భయపడాలె" అన్నాడు.

"చిన్నబాపూ, నాకిప్పుడు నొస్తలేదు" అన్నాను నేను గొప్పగా.

ఆయన గబుక్కున నా చేయి లాగి చంకలో ఇరికించుకున్నాడు. ఆ ముఖం నేను మరిచిపోలేదు. యుద్ధం ఎలా ఉంటుందో ఎవరైనా అడిగితే నాకు అదే గుర్తొస్తుంది.

పొయ్యి దగ్గర నుంచి నాయనమ్మ లేచి వచ్చింది. కొడుకు వేలికొసలు ఒక్కొక్కటీ గోళ్లతో గిల్లింది. ఏ వేలూ వెనక్కి లాక్కోలేదు, ఆయన తల దించుకున్నాడు.

"నా జోడీగాని వేళ్లు జూసెటోడు ఆడ ఎవ్వడు లేడమ్మా" అన్నాడు.

మగ్గం మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. ఆయన బయల్దేరిన రోజు నేను ఆ వేళ్లు బలం కొద్దీ గిల్లాను. "అబ్బా, నొస్తుంది బిడ్డా" అన్నాడు. అబద్ధమని నాకు తెలుసు. తర్వాత ఇంటికి ఆయన ట్రంకు పెట్టె వచ్చింది. ఆయన రాలేదు.

ఇప్పుడు సూరత్ శివారులోని భేస్తాన్‌లో ఉంటున్నాం. నా మనవడూ పటాలంలోనే ఉన్నాడు. సరిహద్దుకు బలగాలు కదిలాయని టీవీలో చెప్పినప్పటి నుంచి వాడి ఫోను లేదు. వాడి తల్లి, నా కోడలు, తిండి మానేసింది. కొన్నాళ్లు మనసు మొద్దుబారితే మంచిదని కిందింటామె నిద్రమాత్రలు తెచ్చింది. తిప్పి పంపేశాను.

పొద్దున పొయ్యి అంటించే ముందు కోడలి చేయి గిల్లుతాను.

"నొస్తుందా?"

"నొస్తుంది అత్తమ్మా."

తర్వాత తను నా చేయి గిల్లుతుంది. నాకూ నొస్తుందని చెబుతాను. అప్పుడు లేచి చాయ్ పెడతాం.