కిమ్‌బోయ్ సాక్ష్యం

బొల్లారంలోని ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేసే రోసమ్మ ఆ ఆదివారం ప్రార్థనకు వచ్చిన దాతలకు సమోసాలు పంచింది, తను మాత్రం ఒక్కటీ ముట్టలేదు.

ఈశాన్య కొండల్లో సాగిన తుపాకుల పోరులో ఇల్లు కాలి, తండ్రి పోయి, తొమ్మిదేళ్ల కిమ్‌బోయ్ ఈ హాస్టల్‌కు చేరి ఏడాది. వచ్చిన కొత్తల్లో పెదవి విప్పేది కాదు. నలుగురిలో సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, చెప్పుకుంటే గుండెబరువు దిగుతుందని రోసమ్మే నమ్మింది. మొగుడు పోయినప్పుడు తనకు అట్లాగే దిగింది మరి. పిల్లకు తల దువ్వుతూ, ‘దేవుడు నన్ను మంటల్లోంచి తప్పించాడు’ అంటూ నాలుగు తెలుగు ముక్కలు బట్టీ పట్టించింది.

ఇక హాస్టల్ నడిపే చర్చి సంఘపెద్ద సైలస్‌కు అదొక వేడుకైపోయింది. దాతలు వచ్చినప్పుడల్లా పిల్లను స్టూలెక్కించడమే. ఎక్కించిన ప్రతిసారీ ఆ రాత్రి పక్క తడిసేది. పక్క మంచం ప్రిసిల్లా, అదీ చిన్నపిల్లే, ఎవరికీ తెలియనీయకుండా తన దుప్పటి ఇచ్చేది.

శనివారాలు వచ్చే కౌన్సెలర్ లీలాకుమారి ఏమీ అడగదు. పిల్లతో అష్టాచెమ్మా ఆడుతుంది. ఆటలో తొండి చేసి కిమ్‌బోయ్ నవ్విందొకసారి. “చెప్పించొద్దమ్మా. మనసైనప్పుడు తానే చెప్తుంది,” అందామె రోసమ్మతో.

ఆ మాటే రోసమ్మ ఈ ఆదివారం ప్రార్థన మొదలయ్యే ముందు సైలస్ చెవిన వేసింది.

“కౌన్సెలింగా? మనకు ప్రార్థన లేదా ఏందీ? పెద్దోళ్లు వచ్చిన్రు, ఫోన్లల్ల తీసుకుంటరంట. జెర ఏడిస్తే ఇంకా మంచిదే.”

జెర ఏడిస్తే! రోసమ్మ హాల్లోకి వెళ్లి గోడవార కూర్చుంది. ముందు వరుసలో ఒకామె సమోసా కొరుకుతూ, “మంటల ముచ్చట మొత్తం చెప్పించండయ్యా, పోయినసారి మధ్యలో ఆపింది,” అంటోంది. ప్రభువు పేరు మీద ఇంత నీచమా! అంతకంటే నీచం, ఆ ముక్కలు నేర్పిన తన నోరు.

సైలస్ పేరు పిలిచాడు. కిమ్‌బోయ్ స్టూలు వైపు నడిచింది. పెదాలు అప్పటికే కదులుతున్నాయి.

రోసమ్మ లేచి నిలబడింది. “ప్రభువుకు స్తోత్రం. నాదొక సాక్ష్యముంది.”

“ఇప్పుడా? కూసో రోసమ్మా.”

“సాక్ష్యానికి లేచినోళ్లను ఆపొద్దని మీరే చెప్తరు కదయ్యా.”

ఎవరో కిసుక్కున నవ్వారు. సైలస్ పక్కకు జరిగాడు.

“ఈ బిడ్డ చెప్పే మాటలు బిడ్డవి కావు, నేను బట్టీ పట్టించినవి. చెప్పినప్పుడల్లా రాత్రి ఆమెకు నిద్ర లేదు.” పక్క తడిసే సంగతి నాలుక చివరిదాకా వచ్చినా మింగేసింది. “తప్పు చేసిన. దేవుడు నన్ను క్షమించాలె. మీరు సుత ఇంక అడగొద్దు.”

ఒకటొకటిగా ఫోన్లు దిగాయి. రోసమ్మ పిల్ల చెయ్యి పట్టుకొని బయటి మెట్ల మీదికి తీసుకొచ్చింది.

“ఆయమ్మా, ఇంక చెప్పొద్దా?”

“వద్దు బిడ్డా.”

“నాకు చెప్పాలనిపిస్తే?”

“శనివారం వచ్చే మేడంకు చెప్పు, నాకు చెప్పు. స్టూలెక్కే పనిలేదు.”

లోపల ఏమీ జరగనట్టే పాట షురూ చేశారు. ప్రతి వారం అందరికంటే ముందు గొంతెత్తే రోసమ్మకు ఆ పాటలో గొంతు కలపబుద్ధి కాలేదు.