పెద్దనాయిన చేన్లో మొలిచిన రాకాసి గూడు

నా బల్ల మీద ఒక కుండపెంకు ఉంది. బయట ఎరుపు, లోపల కాకినలుపు. నీళ్లు చల్లితే ఇప్పటికీ తొలకరి వాసన కొడుతుంది. చిన్నప్పుడు ఇటిక్యాల దగ్గరి మా ఊరి గుట్టకింద రాకాసి సమాధిని ఒంటిచేత్తో తవ్వి, వాడి పుర్రె పక్కనుంచి దీన్ని లాక్కొచ్చాను. సరే, తవ్వలేదు. వానకు కోసుకుపోయిన చోట మేక కాలికి తగిలి బయటపడితే ఏరుకున్నాను. పుర్రె కూడా లేదు. పగ మాత్రం ఉంది.

మా నాయిన పోయిన ఏడాదే పెద్దనాయిన హద్దురాళ్లు జరిపి, మా అమ్మకు మిగిలిన పల్లికాయ చేన్లో సగం కలుపుకున్నాడు. పచ్చికాయను చెట్లతో సహా మంటలో కాల్చి, బెల్లంముక్క నంజుకుంటూ మేం తిన్న ఆ నేలచెక్కలోనే ఆయన కొడుకులు మంట వేసుకుంటే, ఇవతలి గట్టున నిలబడి పొగ మింగాను. అది ఇంకా అరగలేదు.

గుట్టకింద గుండ్రంగా పాతిన పాతకాలపు రాళ్లను మేం రాకాసి గూళ్లనేవాళ్లం. అగ్గివానకు జడిసి వాటికింద దూరి చచ్చిన రాకాసులు అక్కడ పడుకున్నారని, నాగలి పెడితే ఎడ్లు కూలుతాయని, ఆ నేల ఎవరూ దున్నేవాళ్లు కాదు. పగకు ఇంతకన్నా ఏం కావాలి? ఊరంతా బండ్లు కట్టుకుని బీచుపల్లి జాతరకు పోయిన రోజు అక్కా నేనూ కడుపునొప్పని ఉండిపోయి, మిట్టమధ్యాహ్నం ఆ చెక్క నడుమ గుండ్రంగా రాళ్లు పాతి, మధ్యలో గుట్టకింది పెంకులూ కోడి ఎముకలూ పూడ్చాం.

మృగశిర వానకు నాగలి కట్టిన జీతగాడు పెంకులు చూసి ఎడ్లను అక్కడే విప్పేశాడు.

“పోయినేడు లేని గూడు ఈయేడెట్ల మొలిచెరా?” అని పెద్దనాయిన గద్దించాడు.

గట్టవతల పాత పంట కొయ్యకాళ్లు ఏరుతున్న మా అమ్మ తలెత్తింది. “ఒకల నేల మింగితే గట్లనే మొలుస్తయి, బావా.”

ఆయన బతికినన్నాళ్లు అక్కడ గింజ పడలేదు. ఏటా గట్టు మీద కూర్చుని ఈల వేశాను. ఆయన పోయాక కొడుకులు ఆ చెక్క మాకొద్దని వదిలేస్తే నేల మాకే తిరిగొచ్చింది. మాకూ ఎవరూ దున్నలేదు. పాతింది మేమేనని చెబితే అమ్మ లెంపలు వేసుకుని, పోయి కొబ్బరికాయ కొట్టివచ్చింది.

అసలు గూళ్లిప్పుడు కంకరై రోడ్డుకింద పడుకున్నాయి. మిగిలింది మాదొక్కటే. మొన్న పట్నం పిల్లలు వచ్చి దాన్ని టేపుతో కొలిచి ఫోటోలు తీసుకున్నారు. నా పగను అంత భక్తిగా కొలుస్తుంటే టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను.

రాసినదంతా అక్కకు చదివి వినిపించాను.

“రాళ్లన్ని నేను దొర్లిస్తి. నువ్వు కాళ్లు కాలినయని చింతచెట్టు కింద కూసోని ఏడిస్తివి,” అంది. “పెద్దనాయిన చేను కలుపుకునె. నువ్వు నా పగ కలుపుకుంటివి. ఏం ఫరకురా ఇద్దరికి?”