ఏడుసార్లు కొట్టుకుపోయిన బర్రె

ఎల్లారెడ్డిలో మా పక్కింటి అవ్వ బీడీలు చుట్టేది. ఏది లెక్కపెట్టాలన్నా ఒక్కో తునికాకు ముక్క పక్కన పెట్టడం ఆమె అలవాటు.

కామారెడ్డికి వరద వచ్చిన రోజు, ఆమె బిడ్డ ఉండే కాలనీనే టీవీలో చూపిస్తుంటే మా ఇంట్లో ఇద్దరం చూస్తున్నాం. బిడ్డ ఫోన్ కలవడం లేదు. "ఇప్పుడే అందిన దృశ్యాలు" అన్నప్పుడల్లా నేను గాబరాగా డైరీలో "నీళ్లు పెరుగుతున్నాయి" అని రాసుకున్నాను.

అవ్వ ఆకు ముక్కలు చూపించింది. "సారూ, టీవీల గా తెల్లమొకం బర్రె పొద్దటిసంది ఏడుసార్లు కొట్టుకపోయింది. ఒక్క బర్రె ఎన్నిసార్లు పోతది? గిది పాత బొమ్మ!"

నిజమే! అంతలోనే ఫోన్ మోగింది. "నీళ్లు పొద్దుగాలనే తగ్గినయే అవ్వా, ఇల్లు కడుగుతున్న" అంది బిడ్డ.

అవ్వ పకపకా నవ్వి టీవీని గద్దించింది. "ఇగనన్న ఆ బర్రెను ఒడ్డెక్కనియ్యుండ్రి!"