నాడెలు లేని శనివారం

ఆ రోజుల్లో నాకు రెండు సంగతులు క్షుణ్ణంగా తెలుసునని అనుకునేవాణ్ణి. ఒకటి నాటకం, రెండోది పిల్లలు. ఈ రెండింటిలో ఏదీ నాకు తెలియదని తేల్చి చెప్పడానికి ఎమ్మిగనూరులో ఒక వీధి వీధంతా పని మానుకుని రావలసి వచ్చింది. బందుకు పిలుపిచ్చినవాళ్ళు జెండాలు పట్టుకుని రెండు చుట్లు తిరిగినా ఆ వీధిలో సగం మగ్గాలు ఆడుతూనే ఉంటాయట. నేను ఒక్క నినాదం ఇవ్వకుండా, ఒక్క జెండా ఎత్తకుండా, ఒక పూట పూర్తిగా ఆపేశాను. ఇందులో నాకు చదువు చెప్పినవాళ్ళ తప్పు కొంతయినా లేకపోతుందా అని చాలా ఏళ్ళు వెతికాను. లేదు. మూర్ఖత్వం మొత్తం నాదే, స్వయంకృషి.

హైదరాబాదులో రెండేళ్ళు నాటకం చదువుకుని ఆదోనికి తిరిగొచ్చి అక్క ఇంట్లో దిగాను. దిగానంటే దిగబడ్డాననే అర్థం. బావకు పత్తి మండీ ఉంది. నాకేమో ఒక నాటక బృందం ఉంది. బృందం అంటే నేనూ, తబలా భాయీ. తబలా భాయికి దర్జీ కొట్టు. పగలు మిషను తొక్కుతాడు, సాయంత్రం తబలా కొడతాడు (కాలూ చెయ్యీ సమానంగా ఆడే కళాకారుణ్ణి ఇంకొకణ్ణి నేను చూడలేదు). మాది అందరూ కలిసి అల్లుకునే నాటకం. ఒకడు రాసి ఇంకొకడు ఆడించడం మాకు గిట్టదు. మా బృందంలో రచయిత లేడు, దర్శకుడు లేడు, ఆ మాటకొస్తే ప్రేక్షకులు కూడా పెద్దగా లేరు. బావకు ఇదంతా చూసి జాలేసేది. రోజూ రాత్రి అన్నం దగ్గర ఒకే మాట: "ఎందుకప్పా ఈ అగసాట్లు? మండీకి రా. పత్తి దిగుతాంటాది, వాళ్ళు తూకమేస్తాంటారు. నీకు పని ఏం లేదు. కూసోని సూస్తా ఉండాల, అంతే." ఆ 'అంతే' అనేటప్పుడు ఆయన పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగేది. జీవితాంతం కూర్చుని చూస్తూ ఉండడమనే ఊహకు నా ఒళ్ళు జలదరించేది.

ఎమ్మిగనూరులో నేతగాళ్ళ వీధిలోని బడి పెద్ద మేడం నన్ను మూడు నెలలు చూస్తానంది. వారానికి రెండు రోజులు అయిదో తరగతి పిల్లలకు నాటకం నేర్పాలి. మూడు నెలల చివర ఒక శనివారం పదకొండు గంటలకు ఆవిడ వచ్చి చూస్తుంది. నచ్చితే ఏడాది పొడుగునా బడి మొత్తానికి నాటకం పీరియడ్లు నావే. నచ్చకపోతే సోమవారం నుంచి మండీ. ఇది బావ పెట్టిన షరతు; ధీమాగా సరేనన్నది మాత్రం నేనే. అక్క పక్కనుంచి కళ్ళతో వద్దంటూనే ఉంది. నేను ఆ వైపు చూడలేదు. కళాకారుడికి దూరదృష్టి ఉంటుందంటారు, దగ్గర చూపు ఉండదు కాబోలు.

ఆ శనివారానికి ముందు రోజు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పిల్లలు మూడు నెలలుగా ఆడుతున్నారు గానీ ఖాళీ చేతులతో ఆడుతున్నారు. చేతిలో సొంత వస్తువు ఒకటి ఉంటే మాట దానంతటదే వస్తుందని మేం చదువుకున్నాం. అందుకని అందరినీ కూర్చోబెట్టి, "మీ ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా అన్నిటికంటే ఎక్కువ పనిచేసే వస్తువు ఒకటి రేపు తీసుకురండి. దాంతోనే నాటకం" అన్నాను. నా అంచనా ప్రకారం ముప్ఫై రెండు మంది ముప్ఫై రెండు రకాల వస్తువులు తెస్తారు: గరిటె, చీపురు, చేద, దువ్వెన. క్లాసులో ఒక పాప ఉండేది. నేను ఏం చెప్పినా దాని మీద మూడు ప్రశ్నలు వేసేది కాబట్టి ప్రశ్నల పాప అని నేనే పేరు పెట్టాను. అది లేచి, "సార్, ఇంట్ల సెప్పి తేవాల్నా, సెప్పకుండా తేవాల్నా?" అంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి (ఆ భంగిమ ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి), "అడిగి తెచ్చేది అప్పు. అడక్కుండా తెచ్చేది కళ" అన్నాను. పిల్లలు ఆ వాక్యాన్ని శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నారు. మూడు నెలల్లో వాళ్ళు నేను చెప్పింది చెప్పినట్టు పాటించింది అదొక్కటే.

శనివారం పొద్దున ఆదోని నుంచి మొదటి బస్సుకే నేనూ, తబలా భాయీ వచ్చేశాం. పది గంటలకు పిల్లలు సంచులు విప్పారు. ఒకడు పెనం తెచ్చాడు. ఒకమ్మాయి టీవీ రిమోటు తెచ్చింది. ఒకడు స్కూటరు తాళంచెవి తెచ్చాడు (ఆ స్కూటరు తాలూకు పెద్దమనిషి తర్వాత ఆటోలో వచ్చాడు). మిగతా ఇరవై తొమ్మిది మంది తెచ్చినవి నాడెలు. మగ్గం మీద అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ నూలు మోసుకుని పరుగెత్తే, చిన్న పడవలాంటి కొయ్య వస్తువే నాడె. నున్నగా అరిగి, నల్లబడి, చివర్లకు ఇనుప మొనలతో ఇరవై తొమ్మిది నాడెలు నేల మీద వరసగా పడుకున్నాయి. కొందరు జాగ్రత్తపరులు, ఒకటి చాలదేమోనని ఇంట్లో ఉన్న రెండోది కూడా తెచ్చారు. నాకు కొంచెం నిరుత్సాహం కలిగింది, అంతే. వైవిధ్యం తగ్గిందే అనుకున్నాను. నాడె లేకపోతే మగ్గం ఆగిపోతుందన్న ముక్క నా బుర్రకు తట్టలేదు. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో బళ్ళకొద్దీ పత్తి చూశాను. ఒంటిమీద బట్టలు రోజూ చూస్తున్నాను. ఆ రెంటికీ నడుమ ఏం జరుగుతుందో మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ నడుమనే ఎమ్మిగనూరు ఉంది.

మామూలుగా ఆ బడి కిటికీల్లోంచి పొద్దస్తమానం మగ్గాల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. మూడు నెలలుగా దాని మీద గొంతు పెంచి అరిచీ అరిచీ నా గొంతు గరగరలాడిపోయింది. ఆ రోజు చప్పుడు లేదు. "చూశావా భాయ్, మనకోసం ఊరే నిశ్శబ్దంగా ఉంది" అన్నాను మురిసిపోతూ. తబలా భాయి మొహంలో మురిపెం లేదు. "అరే భాయ్, ఇది మంచిది కాదు. మా గల్లీల మిషన్లన్నీ ఒక్కసారే ఆగినాయంటే కరెంటన్నా పోయిండాల, మనిషన్నా పోయిండాల" అన్నాడు. కరెంటు ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం.

పదకొండుకు పది నిమిషాలుందనగా మనుషులు వచ్చారు. గేటులోంచి పాతికా ముప్ఫై మంది, ముందు ఎర్ర తువ్వాల భుజాన వేసుకున్న ఒక తాత. "ఎవురప్పా ఆ నాటకాల సారు? మా నాడెలు యాడబెట్టినాడు?" అని తాత కేక. వెనకనుంచి ఇంకో గొంతు: "పొద్దున లేసి సూస్తే ఇంట్ల నాడె లేదు. పక్కింట్ల అడుగుదామని పోతే వాళ్ళు మా ఇంటికే వస్తాండారు!" నాటక కళాకారుడికి ఎదుటివాడి కళ్ళలోకి సూటిగా చూసే ధైర్యం ఉండాలని పిల్లలకు నేర్పినవాణ్ణి, తబలా భాయి వీపు వెనక్కి చేరాను. భాయి సన్నగా ఉంటాడు. నేను రెండు వైపులా కనబడుతూనే ఉన్నాను. సరిగ్గా అప్పుడే పెద్ద మేడం వచ్చింది. జనాన్ని చూసి ఆగి, "ఏం సారూ, తల్లిదండ్రుల్ని గూడా పిలిపించినారా? బలే పని చేసినారే!" అంది. "అవును మేడం" అన్నాను. మూడు నెలల్లో అక్కడ జరిగిన అసలైన నటన అదొక్కటే.

వచ్చినవాళ్ళు తిట్టడానికి నోరు తెరిచేలోగా పిల్లలు మొదలుపెట్టేశారు. నేను సైగ చేయలేదు. వాళ్ళకు భయం వేసి, చేతిలో ఉన్న పని చేశారు, అంతే. వరండా అరుగే మా వేదిక. ప్రశ్నల పాప అరుగు నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. భుజాన నా కండువా వేసుకుంది. రెండుసార్లు గట్టిగా దగ్గి, నాడెను ఇటునుంచి అటు తోస్తూ, గొంతు బొంగురు చేసి, "ఒక్క గజం, ఇంగొక్క గజం నేసి లేస్తా. అన్నం యాడికీ పోదులేవే" అంది. పక్కన పెనం పిల్లవాడు అవ్వ వేషంలో నడుముకు చెయ్యి పెట్టుకుని, "అన్నం యాడికీ పోదు, సల్లగ మాత్రం పోతాది. మూడుసార్లు ఉడుకు చేసినా!" అన్నాడు. జనంలో ఆడవాళ్ళ వైపునుంచి మొదటి నవ్వు లేచింది. ఎర్ర తువ్వాల తాత చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. ఆయన వెతుక్కుంటూ వచ్చిన నాడె ఆయన మనవరాలి చేతిలో ఉంది. ఆమె ఆడుతున్నది ఆయన్నే. "నేనట్ల దగ్గుతానా?" అన్నాడు పక్కకు తిరిగి. "అంతకన్నా గట్టిగనే దగ్గుతావు. సూడు, బిడ్డ తగ్గించి సూపిస్తాంది" అంది వెనకున్న అవ్వ.

తాత ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. దగ్గును క్షమించాడు, అన్నాన్ని క్షమించాడు. నాడె తోసే తీరును మాత్రం క్షమించలేకపోయాడు. "అట్ల కాదు పాపా! చేత్తో తొయ్యరు దాన్ని, తాడు గుంజాల, అదే పోతాది. ఆ కాళ్ళేంది, పెండ్లి భోజనానికి కూసున్నట్ల మడుసుకోనుండావు? గుంతలోకి దిగాల కాళ్ళు!" అంటూ చెప్పులు విడిచి అరుగెక్కి, దాని అంచున కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేశాడు. వాళ్ళ మగ్గాలు గుంత మగ్గాలు. నేతగాడు నేలమీద కూర్చుని గుంతలో కాళ్ళాడిస్తాడు. మూడు నెలలు ఆ అరుగు మీద పాఠం చెప్పాను. దాని అంచే మగ్గం గుంత అవుతుందని నాకెన్నడూ తోచలేదు. తాత కళ్ళు మూసుకుని లేని తాడు గుంజాడు. లేని పలకలు కాళ్ళతో తొక్కాడు. తబలా భాయి ఒక్క క్షణం ఆయన కాళ్ళ వైపు చూసి, ఆ తొక్కుడుకు దరువు వేశాడు. పొద్దున్నుంచి లేని మగ్గం చప్పుడు అప్పుడు వినిపించింది. ఇక ఎవర్ని ఎవరు ఆపుతారు? ఒకావిడ నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం ఇలా కాదని అరుగెక్కింది. ఇంకొకాయన పోగు తెగితే ముడి ఎలా వేయాలో చూపించడానికి ఎక్కాడు. స్కూటరాయన ఎందుకెక్కాడో ఇప్పటికీ తెలియదు. అందరూ కలిసి అల్లుకునే నాటకమని నేను రెండేళ్ళు చదివిన పాఠం, అదిగో, నా ప్రమేయం లేకుండా నా ముందు జరిగిపోతోంది.

మధ్యాహ్నం నాడెలన్నీ ఒక కుప్పయ్యాయి. ఎవరిది ఎవరికి పోయిందోనని ఇంకో గొడవ మొదలవుతుందని నేను మళ్ళీ భాయి వెనక్కి జరిగాను. ఒక్కొక్కరూ వంగి, ఊరికే చెయ్యి పెట్టి, తమది తీసుకుని వెళ్ళిపోయారు. నా కళ్ళకు అన్నీ ఒకటే. వాళ్ళ చేతులకు ఏ రెండూ ఒకటి కావు. తాత పోతూ పోతూ, "ఒక పూట పని చెరిపినావు సారూ. ఆ పూట నాకియ్యాల" అన్నాడు. మర్నాడు ఆదివారం ఆయన ఇంట్లో కూర్చుని సాయంత్రం దాకా కండెలు చుట్టాను. నేను చుట్టినవన్నీ అవ్వ మళ్ళీ విప్పి చుట్టుకుందని తర్వాత తెలిసింది. ఆ శనివారమే పెద్ద మేడం నన్ను గదిలోకి పిలిచి, "సోమవారం నుంచి రండి. ఇంటినుంచి మాత్రం గుండుసూది గూడా తేనియ్యొద్దు" అంది. ఆ రాత్రి అన్నం దగ్గర బావకు చెప్పాను. ఆయన చెయ్యి కలపడం ఆపి, "ఒక్క ఏడాదికే గదా? ఆ పైన మండీ యాడికీ పోదులే" అన్నాడు.

ఏడాదికి ఇంకో ఏడాది తోడయింది. తోడయినవన్నీ కలిసి పన్నెండేళ్ళయ్యాయి. ఇప్పుడు ఆదోనిలో తబలా భాయి కొట్టు మేడమీద ప్రతి వేసవీ పిల్లలకు నాటకం నేర్పుతాం. మొన్నటి ఎండాకాలం బావ తన చిన్నకూతుర్ని స్కూటరు మీద దింపి, పోకుండా కుర్చీలో కూర్చున్నాడు. ఫోనులో వీడియోలు గట్టిగా పెట్టుకుని, మధ్యమధ్య తలెత్తి, "ఇదేనా నాటకం? నడుమ ఏందో తగ్గింది" అని వ్యాఖ్యానం. మా గదిలో ఒకే ఒక్క నియమం ఉంది: ఊరికే కూర్చుని చూసేవాళ్ళు ఉండకూడదు. ఆ రోజు పిల్లలు అల్లుకుంటున్నది మగ్గం కథ. మగ్గానికి రెండు వైపులా రెండు గుంజలు కావాలి. "రా బావా" అన్నాను.

"నేనా? నాకేం వస్తాదప్పా?"

"పని ఏం లేదు బావా. చేతులు చాపి నిలబడుకోని ఉండాల, అంతే."

ఆయన నా మొహంలోకి అనుమానంగా చూశాడు. ఎక్కడో విన్న మాటే అనిపించింది కాబోలు; ఎక్కడో గుర్తు రాలేదు. నిలబడ్డాడు. ఆయన చేతుల నుంచి ఎదురుగా ఉన్న రెండో గుంజ చేతుల దాకా పిల్లలు నూలు కట్టారు. ఆ రెండో గుంజను నేనే. అయిదు నిమిషాలకు బావకు ముక్కు దురద పెట్టింది. చెయ్యి కదపబోతే కూతురు, "నాయనా, గుంజ గోక్కోకూడదు!" అని గసిరింది. పది నిమిషాలకు నా భుజాలూ పీకడం మొదలుపెట్టాయి (అప్పట్లో బావకు ఎంత వయసో ఇప్పుడు నాకంత). ఎదురుగా నూలు పోగుల వెనక ఆయన నెరిసిన మీసం. ఆయనకు కనబడుతున్నది నా బట్టతల. చేతులు ఏ క్షణాన్నయినా దింపేసి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. చెమట కారుతున్నా ముఖం మాత్రం యమా గంభీరంగా పెట్టి, పిల్లలకు వినబడకుండా గొంతు తగ్గించి అడిగాడు: "ఏం బామ్మర్దీ, సరింగా ఉండానా? చేతులు ఇంగా ఎత్తాల్నా?"

దింపమన్నా నాటకానికి నష్టమేమీ లేదు.

"ఇంకొంచెం పైకి బావా" అన్నాను.